పొగకు దారి: కుమ్మరి ఆవం నుంచి గ్యాస్ బట్టీ దాకా

9.1 కొండపల్లి దగ్గర రెండు రకాల పొగగొట్టాలు

విజయవాడ నుంచి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి వైపు మీరు ఎప్పుడైనా వెళ్లి ఉంటే, ఊరు రాకముందే ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు కనిపించి ఉంటాయి. అవి 1979లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టిన విజయవాడ థర్మల్ కేంద్రానివి. ఇప్పుడు దాన్ని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం అంటున్నాం. అక్కడ కాలేది బొగ్గు. అదే చుట్టుపక్కల, కొండపల్లి పారిశ్రామికవాడలో 2000లో మరో విద్యుత్ కేంద్రం మొదలైంది. లాంకో కొండపల్లి కేంద్రంగా పేరుపడిన దానిలో కాలేది సహజవాయువు. దాని పొగగొట్టాలు ఎక్కడున్నాయో చూపించమంటే దారిన పోయేవారు కాసేపు వెతకవలసి వస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు కేంద్రాలు. రెండూ చేసేది కరెంటే. మరి ఒకదానికి అంత ఎత్తు ఎందుకు, మరొకదానికి ఎందుకు అక్కర్లేదు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే కుమ్మరి బట్టీకి పొగగొట్టం ఎలా కట్టాలో సగం తెలిసినట్టే. పొగగొట్టం రెండు పనులు చేస్తుంది. ఒకటి, లోపలి మంటకు గాలిని లాగుతుంది. రెండు, కాలిన తరువాత మిగిలిన మురికిని మనుషుల ముక్కులకు అందనంత ఎత్తుకు తీసుకుపోయి వదులుతుంది. ఈ రెండు పనులకూ ఒకే గొట్టం సరిపోవడంతో మనం వాటిని ఒకే పనిగా అనుకుంటాం. థర్మల్ కేంద్రంలో గాలిని ఆడించే పని చాలావరకు పెద్ద ఫ్యాన్లది. అక్కడి గొట్టం ఎత్తు దాదాపుగా రెండో పని కోసమే. 200 మెగావాట్లకు పైన, 500 కన్నా తక్కువ సామర్థ్యం ఉన్న బొగ్గు యూనిట్లకు 220 మీటర్లు, 500, ఆపైన ఉన్నవాటికి 275 మీటర్లు అని మన దేశపు నియమాలు చెప్పింది గంధకపు పొగను దూరంగా చెదరగొట్టడానికే. సహజవాయువులో బూడిద లేదు, గంధకం దాదాపు లేదు. అందుకే రెండో పని చిన్నదైపోయింది, గొట్టమూ పొట్టిదైంది.

కొండపల్లి అనగానే మీకు బొమ్మలు గుర్తొచ్చి ఉంటాయి. అవి తెల్లపొణికి చెక్కతో చెక్కేవి, మట్టితో చేసి కాల్చేవి కావు. కాబట్టి ఈ పాఠంలో వాటి ప్రస్తావన ఇంతటితో సరి. మన దృష్టి కృష్ణా డెల్టాలో మట్టిని కాల్చినవారి మీద, వారి మంటలోని గాలి మీద.

9.2 పొగగొట్టం లేని ఆవం

బట్టీల చరిత్రను సాధారణంగా ఇంధనాల చరిత్రగా చెబుతారు: మొదట కట్టె, తరువాత బొగ్గు, ఆ తరువాత నూనె, గ్యాసు. నా ఉద్దేశంలో ఇది సగం చరిత్రే. డెల్టాలో పుట్టినవారికి మిగతా సగం సులభంగానే అర్థమవుతుంది. చేలోకి నీరు రావాలంటే పైతూము ఎత్తితే చాలదు, కింద మురుగు కాలువ కూడా పారాలి. మంట కూడా అంతే. లోపలికి ఎంత గాలి వస్తుందన్నది, బయటికి ఎంత పోతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

కుమ్మరి ఆవాన్ని మీరు చూసే ఉంటారు. కొన్ని ఊళ్లలో దాన్ని వాము అంటారు. నేలలో కొద్దిగా పల్లం చేసి, కట్టె, పిడకలు, తాటాకు పరిచి, ఎండిన కుండలను బోర్లించి పేర్చి, పైన గడ్డి కప్పి, దాని మీద పలచగా మట్టి మెత్తుతారు. గోడ లేదు, పొగగొట్టం లేదు. అయినా గాలి మీద అదుపు లేదనుకుంటే పొరపాటు. పైకప్పుగా వేసిన మట్టి పూతలో అక్కడక్కడ వదిలిన కన్నాలే పొగదారులు. ఒక వైపు మంట వెనకబడితే అటువైపు కన్నం పెద్దది చేస్తారు, ముందుకు పోతే మట్టి ముద్ద పెట్టి మూసేస్తారు. పొగ రంగు చూసి ఎప్పుడు మూయాలో చెప్పగలగడమే ఆ పనిలో అనుభవం.

గాలి ధారాళంగా అందితే మట్టిలోని ఇనుము పూర్తిగా ఆక్సీకరణం చెంది కుండ ఎర్రగా వస్తుంది. గాలి అందకుండా మూసేస్తే పొగలోని కర్బనం మట్టి రంధ్రాల్లో చేరి కుండ నల్లబడుతుంది. దక్షిణ భారతదేశపు బృహత్ శిలాయుగపు సమాధుల్లో, తొలి చారిత్రక స్థలాల్లో దొరికే ఎరుపు నలుపు పాత్రలను ఒకసారి తలచుకోండి. లోపల, అంచున నలుపు, అడుగున ఎరుపు. బోర్లించిన కుండ లోపలికి గాలి చేరదు, బయట చేరుతుంది. ఒకే మంటలో రెండు రంగులు రావడానికి సాధారణంగా చెప్పే కారణం ఇదే. అంటే పొగగొట్టం కనిపెట్టడానికి వందల ఏళ్ల ముందే ఇక్కడి కుమ్మరి గాలిని ఒక పనిముట్టుగా వాడాడు.

ఆవానికి ఉన్న పరిమితి వేడిమి. వేడి గాలి తిన్నగా పైకి లేచి పోతుంది, కుండల మధ్య ఎక్కువసేపు నిలవదు. మామూలు కుండకు 800 నుంచి 950 డిగ్రీల సెల్సియస్ చాలు కనుక ఇన్నాళ్లూ ఇబ్బంది లేదు. గాజులాంటి మెరుగుపూత కరిగే గట్టి పింగాణీ తరహా సామానుకు 1200 డిగ్రీలకు పైగా కావాలి. ఆవం అంతదాకా వెళ్లలేదు. అక్కడినుంచే పొగగొట్టం కథ మొదలవుతుంది.

9.3 డెల్టా ఇటుక బట్టీ చిమ్నీ ఎందుకు కట్టుకోలేదు

1852లో పని మొదలై 1855లో ముగిసిన కృష్ణా ఆనకట్టతో బెజవాడ దిగువన కాలువలు, లాకులు, వంతెనలు, తూములు వచ్చాయి. నీరు వచ్చాక వరి వచ్చింది, వరి డబ్బుతో పెంకుటిళ్లు, డాబాలు వచ్చాయి. వీటన్నిటికీ ఇటుక కావాలి, సున్నం కావాలి. ఒండ్రుమట్టికి కొదవ లేదు. కాల్చడానికి ఏమున్నది? చుట్టూ రైసు మిల్లులు, వాటి వెనక గుట్టలుగా ఊక. ఊకను ఇటుక మట్టిలో కలిపి, వరసల మధ్య పోసి, కట్టెతో అంటించి కాల్చే బట్టీ డెల్టా అంతటా స్థిరపడింది. ఇక్కడ బట్టీ అంటే ప్రత్యేకమైన కట్టడం కాదు, కాలవలసిన ఇటుకలనే బట్టీగా పేర్చడం. కాలాక దాన్నే విప్పి అమ్మేస్తారు.

ఇదే కాలంలో ఐరోపాలో పెద్ద మార్పు జరిగింది. 1858లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ హాఫ్‌మన్ గుండ్రటి నిరంతర బట్టీకి పేటెంటు పొందాడు. మంట ఆగదు, గదినుంచి గదికి నడుస్తుంది. మధ్యలో ఉన్న పెద్ద చిమ్నీ దాన్ని లాగుతుంది. కాలి చల్లారుతున్న ఇటుకల మీదుగా వచ్చే గాలి ముందే వేడెక్కుతుంది, బయటికి పోయే పొగ ఇంకా కాలని ఇటుకలను వేడిచేసి పోతుంది. 1876లో బుల్ అనే ఇంజనీరు దీన్ని భారతదేశపు పరిస్థితులకు తగినట్టు నేలలో తవ్విన కందకంగా మార్చాడు. చిమ్నీలు రేకువి, మంటతోపాటు వాటిని ఎత్తి జరుపుకుంటూ పోవడమే. ఉత్తర భారతదేశంలో ఈ బట్టీ విస్తరించింది. దక్షిణాదిలో మాత్రం చిమ్నీ లేని పేర్పు బట్టీయే ఎక్కువగా నిలిచింది.

ఎందుకు నిలిచింది? ఇక్కడివారికి తెలివి లేక కాదు. చిమ్నీ బట్టీ ఒకచోట ఏళ్ల తరబడి ఉండాలి, రోజూ వేల ఇటుకలు అమ్ముడుపోవాలి, బొగ్గు కొనాలి. డెల్టా బట్టీ వేసవిలో కౌలుకు తీసుకున్న చేలో వేసి, తొలకరికి ఎత్తేసేది. ఊక చవక. కానీ నష్టం కూడా చూడండి. కిలో ఇటుక కాల్చడానికి పేర్పు బట్టీకి 2 మెగాజౌళ్లకు పైనే వేడి ఖర్చవుతుంది. చిమ్నీ ఉన్న నిరంతర బట్టీకి అందులో సగానికి కాస్త అటుఇటుగా సరిపోతుంది. పైగా పేర్పు బట్టీ పొగ ఎత్తుకు పోదు. మూడో మీటరులోనే పనివారి ముఖాల్లోకి, పక్క వీధి ఇళ్లలోకి వస్తుంది. ఆ పొగను పీల్చే పనివారికి బట్టీ పక్కనే గుడిసె ఉంటుంది.

ఇక్కడ చిన్న పక్క మాట. థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలాక మిగిలే బూడిద ఇటుకల కథనే మరో దారి పట్టించింది. విశాఖపట్నంలోని పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి అసలు కాల్చకుండానే గట్టిపడే ఇటుకను రూపొందించారు. అటువంటి ఇటుకకు బట్టీ అక్కర్లేదు, పొగదారీ అక్కర్లేదు. కుండకు మాత్రం ఈ సౌకర్యం లేదు. కుండ కాలాల్సిందే.

9.4 చిమ్నీయే బట్టీ అయినచోటు

పొగగొట్టాన్ని పూర్తిగా నమ్ముకున్న కుమ్మరులను చూడాలంటే ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్ వెళ్లాలి. అక్కడ బొగ్గు బట్టీ చుట్టూ సీసా ఆకారంలో మరో ఇటుక గోడ కట్టేవారు. ఆ సీసా మెడే చిమ్నీ. అది గాలిని లాగేది, లోపలి బట్టీని వానగాలి నుంచి కాపాడేది. ఆ ఊళ్లలో ఒకప్పుడు ఇటువంటివి రెండు వేల దాకా ఉండేవని చెబుతారు. పట్టపగలు దీపాలు పెట్టుకునేంత పొగ. 1956లో అక్కడి పార్లమెంటు స్వచ్ఛమైన గాలి చట్టం చేశాక కుండల పరిశ్రమ గ్యాస్, విద్యుత్ బట్టీలకు మారింది. 1978లో ఒకే ఒక సీసా బట్టీని, అదీ జ్ఞాపకం కోసం, చివరిసారి కాల్చారు. ఇప్పుడు మిగిలిన కొద్ది సీసాలను చట్టం కాపాడుతోంది.

మన దేశంలో ఈ మలుపు కోర్టుల ద్వారా వచ్చింది. తాజ్‌మహల్ చుట్టూ ఉన్న పరిశ్రమలు బొగ్గు మాని సహజవాయువుకు మారాలని, లేదా వేరే చోటికి తరలాలని 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గుజరాత్‌లోని మోర్బీ టైల్సు కర్మాగారాల్లో బొగ్గును గ్యాసుగా మార్చి కాల్చే యంత్రాలను ఆపాలని 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. రెండుచోట్లా పొగగొట్టం చేయలేని పనిని ఇంధనం మార్పు చేసింది. ఎంత ఎత్తు కట్టినా గొట్టం మురికిని పక్క ఊరికి పంపగలదే కాని లేకుండా చేయలేదు.

9.5 డెల్టాకు గ్యాసు

కృష్ణా-గోదావరి బేసిన్‌లో 1980 దశకం మొదట్లో రాజోలు ప్రాంతంలో సహజవాయువు బయటపడింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో గ్యాసు ఎగదన్ని నిప్పంటుకుని 65 రోజులపాటు మండింది. కోనసీమలో ఆ వయసువారు ఇప్పటికీ ఆ వెలుగు గురించి చెబుతారు. కొబ్బరి తోటల కింద ఎంత ఇంధనం ఉందో మొదటిసారి అందరికీ కంటికి కనిపించింది అప్పుడే అనవచ్చు. గోదావరి ముఖాన యానాంలో, సామర్లకోట దగ్గర టైల్సు కర్మాగారాలు వచ్చాయి. పైన చెప్పినట్టు కొండపల్లికి గ్యాసు విద్యుత్ కేంద్రం వచ్చింది. 2009 ఏప్రిల్‌లో సముద్రగర్భంలోని డి-6 క్షేత్రంలో ఉత్పత్తి మొదలైంది. 2010లో అది రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. అందరూ గ్యాసు మీద ఆశలు పెంచుకున్నారు. మూడేళ్లు తిరక్కుండానే ఆ ఉత్పత్తి నాలుగో వంతుకు పడిపోయింది. గ్యాసు కోసమే కట్టిన విద్యుత్ కేంద్రాలు రాష్ట్రంలో వరసగా ఖాళీగా నిలబడ్డాయి, కొండపల్లిలో విస్తరణ కోసం కట్టిన యూనిట్లతో సహా.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, గ్యాసు బట్టీ కట్టే కుమ్మరి కూడా ఇదే పందెం కాస్తున్నాడు. పైపు రావడం వేరు, పైపులో గ్యాసు రావడం వేరు, అందిన గ్యాసు కొనగలిగే ధరకు ఉండడం మరీ వేరు. బర్నరు మార్చాలంటే ఒక పూట పని. కట్టిన ఇటుక చిమ్నీ మార్చాలంటే కూలగొట్టాలి. అందుకే కింది లెక్కలు చదివేటప్పుడు ఈ రోజు వాడే ఇంధనంతోపాటు రేపటిది కూడా మనసులో పెట్టుకోండి.

9.6 గ్యాసు బట్టీకి పొగదారి

పొగగొట్టం లాగుడు ఎక్కడినుంచి వస్తుంది? వేడి గాలి తేలిక, చల్లగాలి బరువు. అంతే. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.17 కిలోలు. 400 డిగ్రీల పొగ అంతే పరిమాణంలో సుమారు 0.52 కిలోలు. గొట్టంలోని తేలికపాటి స్తంభాన్ని బయటి బరువైన గాలి పైకి నెడుతుంది. గొట్టం ఎత్తును ఈ బరువుల తేడాతో, గురుత్వ త్వరణంతో గుణిస్తే లాగుడు వస్తుంది. 4.3 మీటర్ల గొట్టానికి అది సుమారు 27 పాస్కళ్లు, అంటే 2.7 మిల్లీమీటర్ల నీటిమట్టం. చూడడానికి చాలా చిన్న సంఖ్య. బట్టీని నడిపేది ఇదే.

విజయవాడ ఎండ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలున్నప్పుడు బయటి గాలి కూడా పలచబడుతుంది. అదే గొట్టం, అదే పొగ, లాగుడు సుమారు 25 పాస్కళ్లకు తగ్గుతుంది. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల దగ్గర 29కి పెరుగుతుంది. ఒక కుమ్మరి వేసవిలో బట్టీ మందంగా కాలుతోందంటే మట్టినో గ్యాసునో తప్పుపట్టే ముందు ఇది గుర్తుచేసుకోవాలి.

గొట్టం ఎంత ఎత్తుండాలి? బట్టీ లోపల వేడి ఏ దిక్కుకు నడుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కింద మంట, పైన కన్నం ఉన్న బట్టీలో వేడి తన సహజ దిక్కులోనే పోతుంది, బట్టీ గదే పొగగొట్టంలా పనిచేస్తుంది. మంటను పైకి పంపి, కప్పుకు తగిలించి, కుండల మధ్యగా కిందికి దింపి, నేల దగ్గర కన్నాల గుండా బయటికి తీసే బట్టీలో వేడి సమంగా పరుచుకుంటుంది. కాని తేలికైన గాలిని కిందికి లాగాలంటే బలం కావాలి. ఆ బలం చిమ్నీయే ఇవ్వాలి. అమెరికన్ కుమ్మరి ఫ్రెడరిక్ ఆల్సెన్ 1973లో ప్రచురించిన బట్టీల పుస్తకంలోని కొలమానాన్ని నేటికీ ప్రపంచమంతా వాడుతోంది. కిందికి లాగే ప్రతి అడుగుకు మూడు అడుగుల చిమ్నీ, అడ్డంగా లాగే ప్రతి మూడు అడుగులకు మరో అడుగు.

ఒక ఉదాహరణ చేద్దాం. లోపలి ఎత్తు 4 అడుగులు. అడ్డంగా గది 3 అడుగులు, అక్కడినుంచి చిమ్నీకి పోయే పొగదారి మరో 3 అడుగులు. కిందికి 4 అడుగులకు 12, అడ్డం 6 అడుగులకు 2, మొత్తం 14 అడుగులు. అది 4.3 మీటర్లు. పైన లెక్క కట్టిన గొట్టం ఇదేనని మీరు గుర్తుపట్టే ఉంటారు.

ఇప్పుడు వెడల్పు. ఈ బట్టీ గంటకు 10 ఘనపు మీటర్ల సహజవాయువు వాడుతుందనుకుందాం. ఒక పాలు మీథేను పూర్తిగా కాలడానికి తొమ్మిదిన్నర పాళ్ల గాలి కావాలి. జాగ్రత్త కోసం ఐదో వంతు ఎక్కువ గాలి ఇస్తే మొత్తం పొగ గంటకు సుమారు 124 ఘనపు మీటర్లు. అదే పొగ 400 డిగ్రీల దగ్గర ఉబ్బి దాదాపు 300 అవుతుంది. 9 అంగుళాల చదరపు కన్నం గుండా అది సెకనుకు ఒకటిన్నర మీటరు పైచిలుకు వేగంతో పోతుంది. ఇబ్బంది లేని నడక అది. బట్టీ అడుగున బయటికి తీసే కన్నాల్లో మాత్రం పొగ ఇంకా వేడిగా, వెయ్యి డిగ్రీలకు దగ్గరగా, మరింత ఉబ్బి ఉంటుంది. అందుకే ఆ కన్నాలన్నిటి మొత్తం వైశాల్యం బర్నర్ల రంధ్రాల మొత్తం వైశాల్యానికి తగ్గకూడదు. కొత్తగా కట్టేవారు తరచు ఇక్కడే పొరపాటు చేస్తారు. చిమ్నీ ఘనంగా కట్టి, దానిలోకి పోయే దారిని ఇరుకు చేస్తారు. మళ్లీ మురుగు కాలువ సంగతే.

ఇంతదాకా చదివి, పొడుగు ఎక్కువైతే మరీ మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. బొగ్గు బట్టీలో అది కొంతవరకు నిజం. అక్కడ గాలి మందపాటి బొగ్గు పొరను దూరి రావాలి, అందుకు గట్టి లాగుడు కావాలి. గ్యాసుకు ఆ అడ్డు లేదు. బర్నరు తనతోపాటు కొంత గాలిని తెచ్చుకుంటుంది, ఫ్యాను ఉంటే మొత్తం తెచ్చుకుంటుంది. కాబట్టి గ్యాసు బట్టీలో అసలు సమస్య చాలీచాలని లాగుడు కన్నా ఎక్కువైన లాగుడు. తలుపు సందుల నుంచి, చూపుకన్నాల నుంచి చల్లగాలి దూరుతుంది. సరిపడా గాలిలో మీథేను మంట 1900 డిగ్రీలు దాటగలదు. గాలి రెట్టింపైతే అదే మంట సుమారు 1200 డిగ్రీలకు దిగిపోతుంది. ఇక మెరుగుపూత ఎలా కరుగుతుంది? బొగ్గు కాలపు పాత చిమ్నీని అలాగే ఉంచి గ్యాసు బర్నర్లు బిగించినవారు, ఈ గ్యాసులో పస లేదు అని అనుకునేది ఇందుకే. పస గొట్టం గుండా ఎగిరిపోతోంది.

దీనికి విరుగుడు పలక, అంటే డాంపర్. చిమ్నీ అడుగున అడ్డంగా తోసే వక్రీభవన పలక ఒకటి, చిమ్నీ పక్క గోడలో ఇటుకతో మూసి తెరవగల కన్నం మరొకటి. పక్క కన్నం తెరిస్తే చల్లగాలి చిమ్నీలోకి పోయి లాగుడు తగ్గుతుంది. సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది? కింది చూపుకన్నం దగ్గర మంట నాలుక అతి కొద్దిగా బయటికి రావాలి, లేదా కదలక నిలవాలి. లోపలికి లాక్కుపోతే పలక మూయాలి, అరచేతి పొడవున బయటికి తన్నితే తెరవాలి. మన కుమ్మరి మట్టి ముద్దతో చేసిన పనే ఇది.

పలకను మరీ మూస్తే ఏమవుతుందో చెప్పకుండా ఈ భాగం ముగించకూడదు. గాలి చాలక గ్యాసు సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆవం పొగ కళ్లు మండించి మనిషిని దూరంగా తరిమేది. గ్యాసు బట్టీ పొగ అలా తరమదు. కొన్ని మెరుగుపూతలకు రంగు రావడానికి కావాలనే ఈ స్థితి తెస్తారు. అటువంటప్పుడు గొట్టం కొన షెడ్డు కప్పును దాటి బయట ఉండాలి, షెడ్డుకు రెండు పక్కలా గాలి ఆడాలి. తాటాకు పాకలో గ్యాసు బట్టీ పెట్టడం ఏ లెక్కలోనూ కుదరదు. సిలిండరు గ్యాసు వాడితే మరో జాగ్రత్త. అది గాలికన్నా బరువు, కారితే నేల మీద, గుంటల్లో నిలుస్తుంది. పైపు సహజవాయువు తేలిక, కప్పు కింద చేరుతుంది. అంటే ఒకదానికి నేల దగ్గర గాలి దారి కావాలి, మరొకదానికి కప్పు దగ్గర.

నీటి సంగతి చాలామందికి తట్టదు. ఒక ఘనపు మీటరు మీథేను కాలితే 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. మన ఉదాహరణ బట్టీ గంటకు 16 లీటర్లు, దాదాపు బిందెడు నీటిని పొగలో కలిపి పంపుతుంది. గొట్టం వేడెక్కాక అది కనిపించదు. వానాకాలంలో చల్లటి గొట్టంతో మంట మొదలుపెట్టినప్పుడు మాత్రం లోపలి గోడల మీద చెమటలా దిగుతుంది. రేకు గొట్టాలు అడుగున ముందు తుప్పుపట్టడానికి, తడిసిన ఇటుక చిమ్నీ తొందరపాటు మంటకు పగుళ్లు బారడానికి ఇది ఒక కారణం. మొదటి గంట నెమ్మదిగా కాల్చడం కుండల కోసమే కాదు.

9.7 చట్టం అడిగేది, చిమ్నీ మిగిల్చేది

ఇటుక బట్టీల విషయంలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2022 ఫిబ్రవరి 22న ఇచ్చిన ప్రకటన కొత్త బట్టీలకు మూడు దారులే మిగిల్చింది: మంటను వంకర్లుగా నడిపే జిగ్‌జాగ్ పద్ధతి, నిలువు బట్టీ, పైపు సహజవాయువు. పాతవి మారడానికి, గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి ఏడాది, మిగతావాటికి రెండేళ్లు గడువు ఇచ్చింది. విజయవాడ అటువంటి నగరాల జాబితాలో ఉంది. నిలువు బట్టీలు కానివాటికి రోజుకు 30 వేల ఇటుకల లోపైతే 24 మీటర్లు, ఆపైన 27 మీటర్లు కనీసపు చిమ్నీ ఎత్తు. ఊక పేర్పు బట్టీతో రెండు నెలలు సంపాదించుకునే కౌలుదారుకు 24 మీటర్ల కట్టడం అందే పని కాదు. అతడు పెద్ద బట్టీలో కూలీగా చేరతాడు, లేదా మానేస్తాడు. చట్టం గాలి గురించి మాట్లాడింది, ఈ మనిషి గురించి మాట్లాడలేదు. గాలి గురించి చెప్పింది మాత్రం సరైనదే.

కుమ్మరి పరిస్థితి కొంత వేరు. అతని బట్టీ చిన్నది, పొగ తక్కువ, గ్యాసుకు మారితే కళ్లకు, ఊపిరితిత్తులకు మేలు. కాని సిలిండరు ధర పెరిగినా పైపు గ్యాసు ఆగినా మళ్లీ కట్టెకే రావాలి. అందుకే నా సలహా ఇది. బర్నర్లకు ఫ్యాను ఉన్నా సరే, చిమ్నీని పై కొలమానం ప్రకారం పూర్తి ఎత్తుకు, 9 అంగుళాలకు తగ్గకుండా కట్టుకోవాలి. గ్యాసు రోజుల్లో పలకతో, పక్క కన్నంతో ఆ లాగుడును అణచవచ్చు. గొట్టం పొట్టిగా కట్టి తరువాత కట్టె కాల్చాలనుకుంటే అణచడానికి ఏమీ ఉండదు, పెంచడానికి పునాది చాలదు. తీరానికి దగ్గరగా ఉన్న అవనిగడ్డ, మచిలీపట్నం వైపు తుఫాను గాలులకు తట్టుకునేలా రేకు గొట్టానికి మూడు వైపులా తీగలు బిగించడం మరవకండి.

అభ్యాసం: మీకు దగ్గరలోని ఏదైనా బట్టీ దగ్గరికి, కాలని రోజున, యజమాని అనుమతితో వెళ్లండి. లోపలి ఎత్తు, అడ్డపు దూరం, చిమ్నీ ఎత్తు, బయటికి పోయే కన్నాల వైశాల్యం, బర్నరు లేదా పొయ్యి రంధ్రాల వైశాల్యం కొలవండి. పై కొలమానం ప్రకారం ఉండవలసిన ఎత్తుకు, ఉన్న ఎత్తుకు తేడా రాయండి. తేడా ఉంటే, ఆ బట్టీ ఏ ఇంధనం కోసం కట్టారో, ఇప్పుడు ఏది కాలుస్తున్నారో యజమానిని అడిగి, ఆ మార్పు జరిగిన ఏడాదిని కూడా నమోదు చేయండి.